బతికుండగానే పాడిన ఒప్పారి

మా వీధిలో కరెంటు పోతే అందరూ తిట్టుకుంటారు, నేనొక్కదాన్నే సంబరపడతాను. నెలకో రోజు మరమ్మతుల పేరు చెప్పి పొద్దున ఆపేస్తే మళ్ళీ సాయంత్రానికిగాని రాదు. ఆ రోజు వీధి పొడుగునా బ్యాండేజి గుడ్డ నేసే కరెంటు మగ్గాలన్నీ ఆగిపోతాయి. రాజపాళయంలో కాపురమున్నవాళ్ళకు ఆ టకటక వినపడదు, ఆగినప్పుడే ఇంతసేపూ ఉందని తెలుస్తుంది. నా పాటలన్నీ ఆ ఆగిన గంటల్లో పుట్టినవే. ముందురోజే ల్యాప్‌టాప్‌కు నిండా ఛార్జి పెట్టుకుని, వంట తొందరగా ముగించి, కాచుకుని కూర్చుంటాను. అందరి పండగకూ ఊరంతా వెలుగుతుంది, నా పండగకు ఊరంతా ఆరిపోవాలి.

స్టూడియో అని నేను గొప్పగా చెప్పుకునేది మా మగ్గాల షెడ్డు పక్కనున్న గోడౌను. ఆసుపత్రులకు పోయే మెత్తటి గుడ్డ అక్కడ చుట్టలు చుట్టలుగా పైకప్పు దాకా పేర్చి ఉంటుంది. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు ఎక్కడికీ పోదు, అక్కడికక్కడే పడిపోతుంది. మైకు ముందు ఊపిరి తగలకుండా ఒక తెర ఉండాలంటారు. ఎంబ్రాయిడరీ చట్రానికి మా బ్యాండేజి గుడ్డే రెండు పొరలు బిగించి పెట్టుకున్నాను. తాళానికి, మిల్లులో దారం చుట్టి పంపే అట్ట కోనులు. ఖాళీవి బోర్లించి వేళ్ళతో కొడితే చిన్న డోలులాగా పలుకుతాయి. మైకు మాత్రం మా ఆయన కొనిచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నదాంట్లోకి నీ గొంతు ఎట్ల దూరతాది?" అన్నాడు. మగ్గాల మధ్య అరిచి అరిచి మాట్లాడే మనుషులం, ఆయన సందేహంలో తప్పులేదు.

పాట కట్టడం నాకెవరూ నేర్పలేదు. బడిలో చదివింది తమిళం. ఇంట్లో మాట్లాడేది నాయక రాజుల కాలంలో మా పెద్దలు మూటగట్టుకుని తెచ్చిన తెలుగు. గుడ్డ మడతపెడుతూ, ప్యాకెట్లు కడుతూ ఏదో కూనిరాగం తీస్తుండేదాన్ని. కొన్నాళ్ళకు ఆ రాగాలకు మాటలు వచ్చి కూర్చున్నాయి. షేర్ ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని పోవడం మీద మొదటి పాట. ఫోనులో పాడి, ఇంటర్నెట్‌లో పెట్టాను. ముక్కూమొహం తెలియనివాళ్ళు విన్నారు. గుంటూరు నుంచి ఒకామె, "ఇదెక్కడి తెలుగండీ, మా నాయనమ్మ మాటలాగుంది" అని రాసింది. నాకు కోపమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. నాయనమ్మ మాట ఆమెకు జ్ఞాపకం, నాకు పొద్దున కాఫీ దగ్గర మాట్లాడే మాట.

మా అత్తకు మాత్రం ఇదంతా నచ్చలేదు. గోడౌను గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా ఒకే ప్రశ్న అడిగేది.

"ఎవురింట్లో ఏమైందని పాడతా ఉండావు?"

నవ్వులాటకు అడిగింది కాదు. మావైపు ఆడదాని పాటకు ఒక ఇల్లు ఉంటుంది. పిల్ల పెద్దమనిషైతే పాట, కడుపుతో ఉన్నామెకు గాజులు తొడిగితే పాట, పోతే పాట. ఎవరింట్లోనూ ఏమీ జరగకుండా, ఎవరూ పిలవకుండా, ఒకతి గదిలో తలుపేసుకుని పాడుతుంటే దానికి పేరు లేదు. ఆమె అడిగినప్పుడల్లా నేను నవ్వి కోనులు సర్దుకునేదాన్ని.

అడిగే హక్కు ఆమెకుంది. మా అత్త ఒప్పారి పాడే మనిషి. చావింట్లో ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా కూర్చుని, పోయినవాళ్ళను తలుచుకుంటూ రాగం తీసి ఏడవడాన్ని మావైపు ఒప్పారి అంటారు. ఆమె వచ్చి నోరు తెరిచేదాకా శవం లేవదని ఊళ్ళో ఎగతాళి చేస్తారు. ఇటు తళవాయిపురం నుంచి అటు సేత్తూరు దాకా బంధువుల్లో ఎవరు పోయినా ముందు ఆమెకు కబురొస్తుంది. పెళ్ళై వచ్చిన ఏడాదినుంచి ఆమె పక్కన కూర్చుని వంత పాడింది నేనే. నాకు తెలిసిన సంగీతం ఏదైనా ఉందంటే అది ఆమె భుజం పట్టుకుని నేర్చుకున్నదే.

ఒప్పారికి ఆమె కట్టుబాట్లు గట్టివి. అబద్ధం పాడకూడదు. పిసినారిని ధర్మాత్ముడని ఎవరైనా రాగం తీస్తే అక్కడే మోచేత్తో పొడిచేది. "పోయినోళ్ళు తిరిగి జవాబు చెప్పలేరు గదా, అందుకే అబద్ధం గూడదు" అనేది. రెండోది, పోయినవాళ్ళ మీద కోపముంటే దాన్నీ పాడాలి. మిగతా రోజుల్లో పెదవి విప్పలేని కోడలు కూడా ఆ రోజు అత్త శవం ముందు, నాకు ఇది చేశావు, అది పెట్టలేదు అని రాగం తీసి అడగొచ్చు. ఎవరూ ఏమీ అనరు. పాడకపోతే ఆ కోపం ఇంట్లోనే ఉండిపోతుందట. మూడోది అన్నిటికన్నా పెద్దది. చావు జరగని ఇంటి కప్పు కింద ఆ రాగం పలకకూడదు, పెదవుల మీద కూడా. పలికితే చావును పిలిచినట్టే.

ఆ మూడో కట్టుబాటు తెలిసీ నేను చేసిన పని చెప్తాను.

సేత్తూరు మా అమ్మ ఊరు. బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు, అయినా ఇల్లు వదిలి పోవడానికి నెలలు పడుతుంది. ఆ బస్సు మీద ఒక పాట కట్టాలని కూర్చున్నాను.

సేత్తూరు బస్సొచ్చె, సీటొకటి లేదాయె,
నిలబడి పోతే ఏమి, నిమిసంలో మాయమ్మ ఊరు.

మాటలు వచ్చాయి, రాగం రాలేదు. ఏం పాడినా సినిమా పాటలా వస్తోంది. విసుగొచ్చి వదిలేద్దామనుకుంటుండగా నోటికి ఒప్పారి రాగం తగిలింది. పై నుంచి మెట్టు మెట్టుగా దిగి, చివర ఒక్క స్వరాన్ని వదల్లేక వదిలే ఆ రాగం. బస్సు కోసం నిలబడ్డదాని గుండెకు అది సరిగ్గా అతికింది. కొంచెం వేగం పెంచి, కింద కోనుల తాళం వేశాను. గంతులేసే పాటయింది. ఇక ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. గోడౌను ఇల్లు కాదుగదా అని కూడా సర్దిచెప్పుకున్నాను.

బయటివాళ్ళకు ఆ పాట తెగ నచ్చింది. ఎవరో ఒకామె తన వంటింట్లో దానికి చిందులేస్తూ వీడియో తీసి పంపింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ ముందు గెలిచాను, ఇంటి సంగతి తళవాయిపురంలో తేలింది.

అక్కడ బంధువులింట్లో పిల్ల పెద్దమనిషైన వేడుక. నేనూ అత్తా కలిసే వెళ్ళాం. పిల్లను పీట మీద కూర్చోబెట్టి పూలు పెడుతుంటే, ఆ ఇంటి చదువుకునే అమ్మాయి ఒకతి నా మీద ప్రేమతో, "అక్క పాట పెడతా ఉండాను, వినండి!" అని స్పీకరులో సేత్తూరు బస్సు పెట్టింది. పడుచువాళ్ళు చప్పట్లు కొట్టారు. వరసగా కూర్చున్న ముసలివాళ్ళ చేతుల్లో తాంబూలం పళ్ళేలు అట్లాగే నిలిచిపోయాయి. తాళం వాళ్ళను ఏమార్చలేదు. అందరికన్నా పెద్దామె, చెవులు సరిగా వినపడని మనిషి, రాగం అందగానే అలవాటు కొద్దీ పక్కనామె భుజం మీద చెయ్యేసి, "అయ్యో నా తల్లీ" అని ఎత్తుకుంది. పీట మీది పిల్ల బెదిరి ఏడ్చింది. పిల్ల తల్లి వచ్చి స్పీకరు ఆపి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మింగుడుపడదు.

అత్త భోంచెయ్యకుండా లేచింది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. నేను వెనక నిలబడ్డాను. ఇంటికొచ్చాక ఆమె లోపలికి పోలేదు. వాకిట్లో కొళాయి దగ్గర పట్టుచీరతోనే కూర్చుని బిందెడు నీళ్ళు తలమీద పోసుకుంది. చావింటి నుంచి వచ్చినవాళ్ళు అట్లా తడిసిగాని గడప దాటరు. నన్నూ పోసుకోమని సైగ చేసింది. మా ఆయన బయటికొచ్చి, "ఎవురు పోయినారమ్మా?" అని కంగారుగా అడిగాడు.

"నేనే" అంది అత్త. తర్వాత నావైపు తిరిగింది. "నేను బతికుండంగానే నాకు ఏడిచేసినావు గదే. ఊరంతా వినేటట్ల ఏడిచినావు."

"బస్సు పాట అత్తా అది. మిమ్మల్ని తలుచుకోనే లేదు."

"తలుచుకోనే లేదా! మరి ఎవుర్ని ఏడిచినావు? ఎవురూ లేని ఏడుపు ఎట్ల ఏడుస్తావే?"

ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. అత్త మీది కోపం దుత్త మీద చూపడం కోడళ్ళ పద్ధతి. మా ఇంట్లో కోడలి మీది కోపం అత్త దుత్తల మీద చూపింది. నేను తోమిన గిన్నె మళ్ళీ తోముకునేది, నేను పెట్టిన కాఫీ చల్లారేదాకా ముట్టుకునేది కాదు. మా ఆయన ఇద్దరి మధ్యా ఉత్తరాలు మోసే పోస్టుమాన్ అయిపోయి, ఒకరోజు, "మీరిద్దరూ నేరుగా తిట్టుకోండి, నా వల్ల గాదు" అని మగ్గాల దగ్గరికి పోయాడు.

నాకూ మొండితనముంది. ఇంటర్నెట్‌లోంచి ఆ పాట తీసెయ్యనని కొన్నాళ్ళు భీష్మించాను. నా గొంతు, నా మాట, నా గోడౌను, ఎవరి అనుమతి కావాలి? సొంతంగా పాట చేసుకునేవాళ్ళకు ఉన్న గొప్ప అదే కదా, అడగడానికి పైన ఎవరూ ఉండరు. కానీ ఆ రాగం నాది కాదు. ఆమె భుజం మీద చెయ్యేసి ఎత్తుకొచ్చిన రాగాన్ని బస్సు ఎక్కించాను. ఒక మధ్యాహ్నం పాట తీసేశాను. తీసేశానని ఆమెకు చెప్పలేదు. తర్వాత కరెంటు పోయిన రోజు వచ్చింది, పోయింది. నేను గోడౌనుకు పోలేదు. మరుసటి నెలా అంతే. మైకుకు కట్టిన గుడ్డ మీద దుమ్ము చేరింది. ఆ రోజుల్లో నాకు నిజంగా భయం వేసింది. ఆమె మాట్లాడకపోతే ఇంట్లో బతకడం కష్టం, అది సరే. ఆమె ఒప్పుకోకుండా పాడలేనని తెలియడం అంతకన్నా కష్టమైంది.

వానలు మొదలైన రోజుల్లో, అత్తతో జీవితమంతా భుజం కలిపి ఒప్పారి పాడిన స్నేహితురాలు పోయింది. మేము వెళ్ళేసరికి పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీల్లో జనం ఫోన్లు చూసుకుంటున్నారు. గుండ్రంగా కూర్చోవడానికి మనుషులు లేరు. సౌండ్ సర్వీసువాళ్ళు తెచ్చిన పెట్టెలోంచి ఎవరో ఎక్కడో పాడి పెట్టిన ఒప్పారి మోగుతోంది. ఎవరి చావుకైనా పనికొచ్చే ఒప్పారి అది, అందులో పోయినామె లేదు. అత్త పోయి ఆ పెట్టె ఆపించింది. కింద కూర్చుని ఒక్కతే ఎత్తుకుంది. వంత రాలేదు. నేను పోయి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను, ఆమె తీసెయ్యలేదు.

తర్వాత వచ్చిన కరెంటు పోయే రోజు, మగ్గాలు ఆగిన కాసేపటికి ఆమె గోడౌనుకు వచ్చింది. గడప దగ్గర ఆగలేదు. లోపలికొచ్చి, గుడ్డ చుట్ట మీద కూర్చుని నాలుగువైపులా చూసింది. ఎన్నాళ్ళకో ఆ రోజే వచ్చి దుమ్ము తుడుస్తున్నదాన్ని అట్లాగే నిలబడ్డాను.

"ఈడ దీపం పెడతావా?" అంది. అన్ని నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

"లేదత్తా."

"పొయ్యి?"

"లేదు."

"అప్పుడు ఇది ఇల్లు గాదు. దోసం లేదు." చీర కొంగు సర్దుకుంది. "ఊర్లో అందరికీ నేను ఏడిచినాను. నేను పోతే ఆ పెట్టెలో ఏడుపు పెడతారు. మంచిగా ఏడిచినా నేను విననే వినను గదా. నాకు ఒప్పారి కట్టు. నేను విని పోతాను."

దుమ్ముగుడ్డ పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"అబద్ధం గూడదు. కోపం దాచగూడదు. తెలుసు గదా?" అని లేచి వెళ్ళిపోయింది, కూరగాయలు తెమ్మని చెప్పినంత తేలిగ్గా.

బతికున్న మనిషికి, అదీ పక్కగదిలో దగ్గుతూ ప్యాకెట్లు కట్టే పిల్లను తిడుతున్న మనిషికి ఒప్పారి కట్టడం ఏమిటో ఎవరికి చెప్తే అర్థమవుతుంది? మామూలు పాటైతే మాట అతకకపోతే మార్చుకోవచ్చు. ఇందులో అతికినా నిజం కాకపోతే తీసెయ్యాలి. రోజూ మీరు అనే మనిషిని ఇందులో నువ్వు అనాలి. మొదట అంతా పొగడ్త రాశాను. చదువుకుంటే ఆ పెట్టెలో ఒప్పారిలాగే ఉంది, ఎవరికైనా సరిపోతుంది. చింపేశాను. అన్నం వండుతూ, ప్యాకెట్లు కడుతూ ఆమెనే చూస్తుండేదాన్ని. ఇన్నేళ్ళు ఒకింట్లో ఉండి అంత తేరిపార ఎప్పుడూ చూడలేదు.

వాకిట్లో తరి నిలిచె, వంటింట పొగ నిలిచె,
ఊరందరికి ఏడిచిన నోరు నిలిచెనే అత్తా.
నేను పెట్టిన కొళంబుకు నూరు వంకలు చెప్తివి,
జొరమొచ్చిన నా తలను ఒళ్ళో పెట్టుకుంటివి.

మగ్గాన్ని మావైపు తరి అంటాం, పులుసును కొళంబు అంటాం. అక్కడిదాకా సులువుగానే వచ్చింది. తర్వాత కోపం రాయాలి. నాకు ఆమె మీద ఉన్న కోపమేమిటని వెతికాను. నగలా, పనా, పుట్టింటికి పంపకపోవడమా? అవన్నీ ఎప్పుడో ఆరిపోయాయి. ఆరకుండా ఉన్నది ఒక్కటే. రాయాలంటే సిగ్గేసింది, చిన్నపిల్ల ఫిర్యాదులాగా ఉంది. రాశాను.

లోకమంతా విన్నాది, నా పాట లోకమంతా విన్నాది,
ఒక్కనాడన్నా బాగుందని నీ నోట రాలేదే అత్తా.

మళ్ళీ మగ్గాలు ఆగిన రోజు పాడి రికార్డు చేశాను. తాళం పెట్టలేదు. ఒట్టి గొంతు. మధ్యలో ఏడుపొస్తే ఆపలేదు, ఒప్పారిలో ఏడుపు తప్పు కాదుగదా. పని ముగిశాక ఆమెను పిలిచాను. స్నానం చేసి, పొడి చీర కట్టుకుని వచ్చింది. హెడ్‌ఫోన్లు తలకు పెడుతుంటే కొప్పు అడ్డమొచ్చింది, విప్పి వదులుగా ముడేశాను. ఆమె తలను నేను తాకి చాలా కాలమైంది.

బటను నొక్కి ఎదురుగా కూర్చున్నాను. నాకు ఏమీ వినపడదు, ఆమె ముఖమే చూడాలి. మొదట్లో వంకలు వెతికే ముఖమే. వేలితో గాల్లో రాగం దిగే చోట్లు చూపిస్తూ, ఒకచోట కాదన్నట్టు తల ఊపింది. కొళంబు దగ్గర ముక్కు ఎగరేసింది. కాసేపటికి వేలు ఆగిపోయింది. చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి, పక్కన ఎవరూ లేకపోవడంతో గుడ్డ చుట్ట మీద పడింది, భుజం మీద వేసినట్టు. కళ్ళు మూసుకుంది. ఎక్కడిదాకా వచ్చిందో నాకు లెక్క తెలుసు. ఆ చివరి మాట వచ్చేసరికి నేనే తల దించుకున్నాను.

ఆమె హెడ్‌ఫోన్లు తానే తీసింది. వాటిని ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోలేదు.

"రెండో చరణంలో రాగం తొందరగా దించినావు. పీనుగ ముందర ఎవురికే అంత తొందర?" అంది.

"సరే అత్తా, మళ్ళీ పాడతాను."

"పాడేటప్పుడు ఆ కడపటి మాట తీసేయి."

"కోపం దాచగూడదని మీరే కదా చెప్పినారు" అన్నాను.

"దాచమని ఎవురు చెప్పినారు?" హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టి, మోకాళ్ళ మీద చేతులూని లేచింది. "పాట బాగుండాది. ఇంక ఆ మాట అబద్ధం గదా."

గడప దాటి, కొళాయి దగ్గరికి పోయి, బిందె కింద పెట్టుకుంది. నీళ్ళు పడుతున్న చప్పుడు గోడౌను దాకా వినపడింది. ఆ మాట తీసేశాను. అక్కడ ఏం పెట్టాలో నాకు ఇంకా తెలియలేదు.